కిందికి పడుతున్న గుండ్లు: ఒక సింగిల్ స్ట్రోక్ ఎయిర్ పిస్టల్ కేసు

నవంబరు చివర్లో, రెండు రోజుల వాన తెరిపిచ్చిన సాయంత్రం, మైపాడు దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రీ కూతురూ మా షాపుకు వచ్చారు. మాది నెల్లూరులో డీజిల్ పంపు సర్వీసు షాపు. లారీల పంపులు, ట్రాక్టర్ల నాజిళ్లు బెంచీ మీద పెట్టి సరిచేయడం 26 ఏళ్లుగా నా పని. ఎయిర్ పిస్టళ్లు చూడటం ఆ పని పక్కనే మొదలైంది. నాకు సొంతంగా ఒక సింగిల్ స్ట్రోక్ పిస్టల్ పదకొండేళ్లుగా ఉంది. దాన్ని విప్పుతూ బిగిస్తూ నేర్చుకున్నాను. అది తెలిసి, షూటింగ్ నేర్చుకునే పిల్లలు తమవి కూడా తెస్తుంటారు.

ఆయనకు రొయ్యల గుంటలు ఉన్నాయి. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. పిస్టల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, పదిహేనేళ్ల పాతది. ఏ కంపెనీదో రాయను, ఎందుకంటే లోపం తయారీలో లేదు. నా దగ్గరున్నదీ అదే మోడల్.

"అన్నా, దీంట్లో గాలి నిలబడట్లేదేమోనని నాకు అనుమానం. కోచ్ సారేమో పాప మణికట్టు వదిలేస్తోందంటున్నారు. నాలుగు నెలల నుంచి ఇదే గోల. అసలు ఏందో ఒకసారి చూడన్నా" అన్నాడాయన.

అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. సంచిలోంచి కాగితం టార్గెట్ల కట్ట తీసి నా ముందు పెట్టింది. తేదీలు వేసి, వరసగా పేర్చింది. నాకు ఆ కట్టే సగం పని చేసిపెట్టింది.

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో మధ్యనున్న పది పాయింట్ల రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి ఒక్కో రింగు మధ్యనుంచి 8 మిల్లీమీటర్లు దూరం జరుగుతుంది. జూలై టార్గెట్లలో ఆమె గుండ్లు గుండ్రంగా, రెండు రింగుల్లో ఒదిగి ఉన్నాయి. అక్టోబరుకు వచ్చేసరికి అడ్డంగా అదే రెండు రింగులు, నిలువుగా మాత్రం నాలుగు. నవంబరులో గుంపు మొత్తం కిందికి దిగింది. చెయ్యి ఊగితే గుండ్లు అన్ని వైపులా చెదురుతాయి. మణికట్టు వదిలితే కిందికే పోతాయన్న మాట నిజం, కోచ్ అనుమానంలో తప్పు లేదు. కానీ మణికట్టు వదిలే పిల్లకు అడ్డం ఇంత చక్కగా నిలవడం అరుదు. అప్పుడు వెనక సైట్, అంటే గురి చూసే పలక, చూశాను. ఎత్తే స్క్రూ చివరిదాకా తిప్పేసి ఉంది, ఇంక పైకి పోదు.

"ఎప్పటి నుంచి తిప్పుతున్నావమ్మా?"

"దసరా సెలవుల నుంచి అంకుల్. వారానికి నాలుగైదు క్లిక్కులు."

తుపాకీ నెమ్మదిస్తుంటే ఆ అమ్మాయి సైట్‌తో వెంటపడుతోంది.

ఒకే ఒక్క రింగు మీద నడిచే యంత్రం

సింగిల్ స్ట్రోక్ అంటే తెలియనివారికి కొంచెం చెప్పాలి. లివరు తెరిస్తే పిస్టన్ వెనక్కి పోయి, బయటి గాలి సిలిండరులోకి వస్తుంది. లివరు మూస్తే పిస్టన్ ఆ గాలినంతా వాల్వు ముందున్న చిన్న గదిలోకి నొక్కేస్తుంది. ట్రిగ్గర్ లాగితే వాల్వు తెరుచుకుని, ఆ గాలి పెల్లెట్‌ను, అంటే చిన్న సీసపు గుండును, తోస్తుంది. స్ప్రింగు తన్నుడు ఉండదు, విడిగా గాలి సిలిండరు నింపే పని ఉండదు. వాల్టర్ ఎల్.పి. 3, ఫైన్‌వెర్క్‌బావ్ 103, బైకాల్ ఐజెడ్‌హెచ్-46ఎం, వైరాఖ్ హెచ్‌డబ్ల్యూ 75, గామో కాంపాక్ట్, అన్నీ ఈ జాతివే. ఎయిర్ పిస్టల్ 1988 సియోల్‌లో ఒలింపిక్స్‌కు వచ్చింది. ఆ తర్వాత పెద్ద పోటీల్లో అందరూ ముందే గాలి నింపిన సిలిండరు పిస్టళ్లకు మారిపోయారు. అరవై గుండ్ల మ్యాచ్‌లో, ప్రాక్టీసు గుండ్లతో కలిపి, డెబ్బై ఎనభై సార్లు లివరు లాగడం చేతికి అలసటే మరి. అయినా నేర్చుకునే వాళ్లకు నేను ఇప్పటికీ సింగిల్ స్ట్రోకే కొనమంటాను. సిలిండరు పిస్టల్‌కు 200 బార్ గాలి నింపాలి, దానికి చేతిపంపో కంప్రెసరో కావాలి. పోటీ నిబంధనల ప్రకారం ఆ సిలిండరుకు పదేళ్ల గడువు కూడా ఉంటుంది. దీనికి మన చెయ్యి చాలు.

గుండుకు ఒక్క స్ట్రోకు గాలే కాబట్టి ప్రతి గుండుకూ సమానమైన గాలి దొరకాలి. దీని గొప్పతనం అదే. అయితే లివరు మూసి ఉన్నంతసేపూ ఆ చిన్న గదికి ఒక గోడ వాల్వు, రెండో గోడ పిస్టన్ తల. పిస్టన్ తల చుట్టూ ఉండేది ఒక్క రబ్బరు ఓ-రింగు. డీజిల్ పంపులో ప్లంజరు (లోపల ఆడే కడ్డీ), బ్యారెల్ (దాని గొట్టం) రెండూ ఇనుమే. అరిగినా నెమ్మదిగా అరుగుతాయి, ఏళ్లు పడుతుంది. ఇక్కడ భారమంతా రబ్బరు మీదే. దానికి ఎండ, చలి, నూనె, నిలవ, అన్నీ తగులుతాయి.

విప్పకముందు కొలిచినవి

ముందు స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదన్నది పంపుల పనిలో మా గురువు దగ్గర నేర్చుకున్నది. పిస్టల్‌ను వైస్‌లో రబ్బరు ముక్కల మధ్య బిగించి, ఇసుక డబ్బా వైపు తిప్పి, మధ్యలో పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టాను. లివరు మూశాక ఫోన్‌లో చూసుకుని సరిగ్గా 20 సెకన్లకు కాల్చాను. పది గుండ్లు. అన్నిట్లో వేగమైనది సెకనుకు 121 మీటర్లు, నెమ్మదైనది 104. నా పిస్టల్ అదే పెల్లెట్‌తో 140 దగ్గర ఇస్తుంది.

ఈ అంకెలు కాగితం మీద ఎంత దూరమవుతాయో లెక్క వేసి తండ్రికి చూపించాను. గాలి అడ్డు పక్కన పెట్టి చూస్తే, 140 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్‌కు 10 మీటర్లు దాటడానికి సెకనులో వందో వంతులు ఏడు పడతాయి. ఆ లోపల అది 25 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. 121తో పోతే 33 మిల్లీమీటర్లు, 104తో పోతే 45. అంటే ఆమె రెండు గుండ్లూ ఒకేలా గురిచూసి, ఒకేలా వదిలినా వాటి మధ్య 12 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఒకటిన్నర రింగు. ఆ పిల్ల నాలుగు నెలలుగా తన మణికట్టును తిట్టుకుంటోంది. లెక్క పూర్తయ్యాక ఆమె కాగితం తన వైపు తిప్పుకుని మళ్లీ మొదటి నుంచి వేసుకుంది. ఆమెకు సరిగ్గానే వచ్చింది.

తర్వాతది ఎవరైనా ఇంట్లో చేసుకోగల పరీక్ష. లివరు మూసి 5 సెకన్లకు ఒక గుండు, నిమిషం ఆగి ఒకటి, మూడు నిమిషాలు ఆగి ఒకటి. నా పిస్టల్‌లో 142, 138, 136 వచ్చాయి. ఆమెదాంట్లో 120, 98, 61.

నా పిస్టల్‌లో కూడా కొంచెం తగ్గింది చూశారా, అది లీకు కాదు. సైకిల్ పంపు కొడితే కింద గొట్టం వేడెక్కుతుంది కదా. గాలిని ఒక్కసారిగా నొక్కితే వేడెక్కుతుంది, వేడి గాలికి ఒత్తిడి ఎక్కువ. ఆగేకొద్దీ ఆ వేడి ఇనుములోకి దిగి, ఒత్తిడి కాస్త తగ్గుతుంది. కొద్దిసేపట్లో అది నిలకడకు వస్తుంది. ఆమె పిస్టల్‌లో మాత్రం అది నిలకడకు రాకుండా పడిపోతూనే ఉంది. కచ్చితంగా లీకే.

లీకు వాల్వు దగ్గరా, పిస్టన్ దగ్గరా అన్నది తేల్చాలి. పెల్లెట్ లేకుండా గాలి నొక్కి, బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) మూసి, పక్కనుంచి పిస్టల్ గొట్టం మూతికి సబ్బు నురగ పొర పెట్టాను. వాల్వు కారుతుంటే ఆ పొర ఉబ్బాలి. ఉబ్బలేదు. సిలిండరు వెనక సందులో ఒక్క చుక్క సిలికాన్ ఆయిల్ వేస్తే సన్నటి బుడగలు వచ్చాయి. పిస్టన్ రింగే. ఈ పరీక్ష చేసేటప్పుడు గాలి లోపల ఉంటుంది కాబట్టి పిస్టల్ వైస్‌లోనే ఉండాలి, మూతి ఇసుక వైపే ఉండాలి, మొహం దాని ముందుకు రాకూడదు. ఆ తర్వాత సబ్బు తడి వెంటనే తుడిచి ఆరబెట్టాలి.

లోపల

విప్పే ముందు ఒకసారి ఖాళీగా కాల్చి, గాలి లేదని తేల్చుకున్నాను. స్ప్రింగు పిస్టన్ ఎయిర్ గన్‌ను పెల్లెట్ లేకుండా కాలిస్తే పిస్టన్ గోడకు కొట్టుకుని దెబ్బతింటుంది. సింగిల్ స్ట్రోక్‌కు ఆ భయం లేదు. గాలి ఉన్నప్పుడు లివరు తెరవాలని చూడటమే ప్రమాదం. లోపలి గాలి పిస్టన్‌ను వెనక్కి తన్నితే లివరు ఎగిరి వేళ్ల మీద పడుతుంది.

లివరు పిన్ను తీసి, పిస్టన్ బయటికి లాగగానే కాటుక లాంటి నల్లటి ముద్ద వచ్చింది, కాస్త కనరు వాసనతో. అమ్మాయిని అడిగాను, ఏం వేశారని. తండ్రే చెప్పాడు: ఆగస్టులో లివరు కిర్రుమంటోందని, బంధువుల్లో ఒక మోటార్ మెకానిక్ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఇచ్చాడట. పది రోజులు బాగుంది. మళ్లీ కిర్రుమంటే ఇంట్లో కొబ్బరినూనె వేశారు.

వాళ్ల ఉద్దేశం మంచిదే. ఆ స్ప్రేలో ఎక్కువ భాగం పలచటి ద్రావకం. అది లోపలున్న పాత గ్రీజును కడిగేసి, ఆరిపోయింది. దాంతో రింగు వట్టి గోడ మీద రుద్దుకుంది. కొబ్బరినూనె దుమ్మును పట్టుకుంటుంది. పైగా 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున సీసాలో పేరుకున్న నూనె మనందరం చూసిందే. తలకు రాసుకోవాలంటే వేడినీళ్లలో పెడతాం. పిస్టన్ మీద పేరుకుంటే ఏం చేస్తాం?

రింగు బయటి అంచు గుండ్రంగా ఉండాల్సింది చదునై, 'డి' అక్షరంలా తయారైంది. గోరుతో నొక్కితే గుంట పడలేదు. సిలిండరు గోడను టార్చితో చూశాను. వేలికి తగలని సన్నటి గీతలు రెండు. రింగు వాటిని కప్పుకోగలదు. గోడ లోతుగా చారలు పడి ఉంటే కేసు వేరేగా ఉండేది.

ఇక్కడ పాత పిస్టళ్లు కొనేవారికి ఒక మాట. కొన్ని పాత మోడళ్లలో సీలు పాలీయురెథేన్‌ది ఉంటుంది. అది తేమకు నెమ్మదిగా విరిగి, చివరికి బెల్లంపాకంలా జిగురవుతుంది. వాడకుండా పెట్టెలో ఉంచినా సరే. మనది సముద్రపు తేమ, ఎండాకాలం 40 డిగ్రీలు దాటే వేడి. "ఒక్కసారి కూడా వాడలేదు, కొత్తదే" అని అమ్మేవారి మాట నమ్మి ఆ రకం కొంటే, సీలు మార్పు ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోవాలి.

నా పొరపాటు

డీజిల్ పంపుల కోసం మా షాపులో వైటాన్ అనే రబ్బరు రింగులు డబ్బాల నిండా ఉంటాయి. డీజిల్‌కు, వేడికి అవి బాగా తట్టుకుంటాయి. కొలత సరిపోయేది ఒకటి దొరికింది. దాని గట్టిదనం 90 షోర్ (రబ్బరు గట్టిదనపు కొలత, అంకె పెరిగితే గట్టి). పిస్టన్, సిలిండరు శుభ్రంగా తుడిచి, ఆ రింగు ఎక్కించి, సిలికాన్ గ్రీజు రాసి బిగించాను. లివరు ఇరవైసార్లు ఆడించి, మధ్యాహ్నం మూడింటికి క్రోనోగ్రాఫ్ పెట్టాను. సగటు 139. ఎక్కువకూ తక్కువకూ తేడా మూడే. ఆగి కాల్చినా నిలిచింది. సంతోషంగా ఇచ్చేశాను. వేగం పెరిగింది కాబట్టి గుండ్లు రెండు రింగులదాకా పైకి పోతాయని, సైట్ కిందికి దించుకోమని మాత్రం చెప్పాను.

ఎనిమిది రోజులకు అమ్మాయి ఒక్కతే బస్సులో వచ్చింది. మళ్లీ టార్గెట్ల కట్ట. ఈసారి గుండ్ల పక్కన వరస నంబర్లు కూడా రాసింది. "అంకుల్, మొదటి నాలుగైదు కిందికి పోతున్నాయి. తర్వాత అన్నీ బాగుంటాయి. రోజూ ఇంతే."

"ఎన్నింటికి కాలుస్తావు తల్లీ?"

"ఆరున్నరకు. కాలేజీకి ముందు."

ఆ మాటతో నాకు విషయం తెలిసిపోయింది. ఆ రాత్రి పిస్టల్ షాపులోనే ఉంచమన్నాను. మర్నాడు పొద్దున ఆరున్నరకు షట్టరు తీసి, లివరు ఒక్కసారి కూడా ఆడించకుండా నేరుగా కొలిచాను. మొదటిది 119. రెండోది 126, మూడోది 131, ఐదోది 136. ఎనిమిదో గుండుకు 139 వచ్చింది. రాత్రంతా చల్లారిన గట్టి రింగు గోడకు అతుక్కోవడానికి ఏడెనిమిది స్ట్రోకులు పట్టింది. నేను మధ్యాహ్నపు వేడిలో ఇరవై స్ట్రోకులు ఆడించి, రింగును మెత్తబరిచి, ఆ తర్వాత కొలిచాను. ఆమె పొద్దున్నే చల్లటి పిస్టల్‌తో మొదటి గుండు కాలుస్తుంది. పంపు బెంచీ మీద చల్లటి ఇంజను స్టార్టింగ్ ఎలా ఉంటుందో విడిగా చూసే అలవాటున్న నేను, ఇక్కడ దాన్ని చూడలేదు. ఆ ఎనిమిది రోజులు ఆ పిల్ల పోగొట్టుకున్నది నా వల్లే. ఆ మాట ఆమెకు చెప్పాను.

రెండోసారి తొందరపడలేదు. చదునైపోయిన పాత రింగును కొలిచి కొత్తది కొనకూడదు. అందుకే పిస్టన్ మీది గాడి లోతు, సిలిండరు లోపలి వ్యాసం మైక్రోమీటర్‌తో కొలిచి, రింగు మందం పది శాతం దగ్గర నొక్కుకుపోయేలా లెక్కగట్టాను. అంతకంటే బాగా తక్కువైతే కారుతుంది. మరీ ఎక్కువైతే లివరు బరువెక్కి, పదిహేడేళ్ల పిల్ల చెయ్యి ముప్పయ్యో గుండుకే వణుకుతుంది. ఊళ్లో హైడ్రాలిక్ సీల్స్ అమ్మే షాపుకు వెళ్లి, 70 షోర్ నైట్రైల్ రబ్బరు రింగులు ఐదు తెచ్చాను. ఈ పనికి అదే సరైన మెత్తదనం. ఒకటి ఎక్కించి, నాలుగు జిప్ కవర్లో పెట్టి ఆమెకే ఇచ్చాను. ఎండ తగలని చోట, మోటార్లకు దూరంగా దాచమన్నాను. కరెంటు నిప్పురవ్వల నుంచి పుట్టే ఓజోన్ నైట్రైల్ రబ్బరును పగులబరుస్తుంది. గుంటల దగ్గర మోటార్ల షెడ్డులోనే సామాను పెట్టుకునే ఇళ్లలో ఇది గుర్తుండాలి.

గ్రీజు విషయంలో చాలామంది చెయ్యి జారుతుంది. రింగు మీద మెరుపు కనపడాలి, గ్రీజు కనపడకూడదు. ఎక్కువైతే అది గాలితోపాటు వాల్వులోకి, గొట్టంలోకి చేరి, పెల్లెట్ల వేగం మళ్లీ మార్చేస్తుంది. సిలికాన్ గ్రీజు నైట్రైల్‌కు మంచిదే. సీలు సిలికాన్ రబ్బరుదైతే మాత్రం వాడకూడదు, అది ఉబ్బిపోతుంది.

ఆ రాత్రి కూడా పిస్టల్ షాపులోనే. పొద్దున మొదటి గుండు 137. తర్వాతవన్నీ 138 నుంచి 141 మధ్య. ఇంకో మర్నాడు, కాల్చే ముందు లివరును పూర్తిగా తెరవకుండా నాలుగుసార్లు నెమ్మదిగా సగం తెరిచి మూసి, ఆ తర్వాత కొలిచాను. మొదటిదే 139. ఈ సగం స్ట్రోకుల అలవాటు ఆమెకు నేర్పాను.

రేంజ్‌లో చూసింది

పిస్టల్ బాగైంది కదా అని ఆగిపోతే ఈ కేసు సగమే. ఆదివారం నేనే రేంజ్‌కు వెళ్లి, ఆమె వెనక కుర్చీ వేసుకుని, ప్రతి గుండుకూ లివరు మూసిన క్షణం నుంచి కాల్చిన క్షణందాకా సెకన్లు రాసుకున్నాను. అన్నిట్లో తక్కువ 12, అన్నిట్లో ఎక్కువ 104. మధ్యలో చెయ్యి ఎత్తి, నచ్చక దించి, నీళ్లు తాగి, మళ్లీ ఎత్తుతోంది. అలా దించడం మంచి అలవాటే, చెడ్డ గుండు వదలకపోవడం అన్నిటికంటే ముఖ్యం. కానీ పైన చెప్పిన వేడి సంగతి ఉంది కదా. 10 సెకన్ల గుండుకూ రెండు నిమిషాల గుండుకూ మంచి పిస్టల్‌లోనే నాలుగైదు మీటర్ల వేగం తేడా వస్తుంది. అది కాగితం మీద రెండు మిల్లీమీటర్లు. పది రింగు అంచున ఉన్న గుండు తొమ్మిదవడానికి అది చాలు.

వరస మార్చమన్నాను. శ్వాస సర్దుకోవడం, నీళ్లు తాగడం, ఆలోచించుకోవడం అన్నీ లివరు మూయకముందే. మూశాక పెల్లెట్ పెట్టి, బ్రీచ్ మూసి, పిడి పట్టు సరిచేసుకుని, ముప్పై సెకన్ల దగ్గర చెయ్యి ఎత్తాలి. రోజూ అదే లయ. గుండు వదలకుండా దించితే కంగారు లేదు, మరీ ఆలస్యమైతే ఆ గుండు కాస్త కిందికి పోతుందని తెలిసి ఉంటే చాలు. లివరు మూసే వేగం కూడా ఒకేలా ఉండాలి. ఆమె మొదట్లో చకచకా, అలసిపోయాక మెల్లగా మూస్తోంది. షూటింగ్ చెయ్యి మణికట్టుకు ఆ బరువు పడకుండా, పిస్టల్ మూతి టార్గెట్ వైపే ఉంచి, బల్ల అంచున ఆనించి, ఎడమ చేత్తో మూయించాను. ముప్పై గుండ్ల తర్వాత తేడా ఆమె మొహంలోనే కనపడింది.

కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి కోచ్‌గారికి ఇచ్చాను. ఆయన నిలబడే చదివి, అమ్మాయిని పిలిచి, "నాలుగు నెలలు నిన్ను ఊరికే అన్నానమ్మా" అన్నారు. అలాంటి గురువు దొరకడం ఆ పిల్ల అదృష్టం. అడ్డం రెండు రింగులు, నిలువు రెండున్నర దగ్గర ఇప్పుడు ఆమె గుంపు నిలుస్తోంది. మిగిలిన ఆ అర రింగు శిక్షణలో సరిదిద్దుకోవాల్సింది, నా చేతిలో లేదు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించి విలువైన నిమిషాలు పోయిన సంగతి కోచ్‌గారు పిల్లలకు చెబుతుంటారట. ఇప్పుడు నెలకొకసారి అందరి పిస్టళ్లూ క్రోనోగ్రాఫ్ మీద పెట్టిస్తున్నారు.

ఉప్పుగాలి

మరమ్మతు చేసేటప్పుడు గొట్టం మూతి దగ్గర, లివరు పిన్ను మీద ఎర్రటి చుక్కలు కనపడ్డాయి. పిస్టల్‌తో వచ్చిన పెట్టెలో నల్లటి స్పాంజి ఉంది. చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ మన తీరంలో స్పాంజి తేమను పీల్చి ఇనుముకు ఆనించి ఉంచుతుంది. సముద్రానికి అంత దగ్గర్లో, రొయ్యల గుంటల మధ్య ఉన్న ఇంట్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఇది రోజుల్లో తుప్పుగా మారుతుంది. స్పాంజి తీసేసి, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టమన్నాను. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే పెనం మీద సన్నటి సెగన వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ పెనం వంటకు వాడకూడదు. కాల్చడం అయిపోగానే చెమట పడిన ఇనుమంతా తుడిచి, బయట మాత్రమే పలచటి తుపాకీ నూనె పూత. లోపలికి ఏ నూనే వద్దు. లోపల ఏం వేయాలన్నా అది విప్పే రోజు పని.

గొట్టాన్ని అతిగా శుభ్రం చేయకూడదు. ఈ వేగాలకు సీసం పెద్దగా అంటుకోదు. గుంపు చెదిరితే మెత్తటి ఫెల్ట్ ముక్కలు రెండు మూడు కాల్చితే చాలు, ఇనుప కడ్డీ దూర్చకూడదు. పెల్లెట్లు సీసం కాబట్టి చేతులు కడుక్కున్నాకే టిఫిన్. మరమ్మతు తర్వాత ట్రిగ్గర్‌కు 500 గ్రాముల తూకం వేలాడదీసి చూడటం మరచిపోవద్దు, పోటీలో అంతకంటే తేలిగ్గా ఉంటే ఒప్పుకోరు. గాలి నింపి పిస్టల్‌ను ఎప్పుడూ దాచకండి. రింగుకూ మంచిది కాదు, ఇంట్లో పిల్లలకూ మంచిది కాదు.

చట్టం గురించి ఆ తండ్రి అడిగాడు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ మించని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. అర గ్రాము పెల్లెట్ 140 మీటర్ల వేగంతో పోతే వచ్చేది 5 జౌల్స్. లైసెన్సు లేదంటే ఆటవస్తువని కాదు, ఈ 5 జౌల్స్ కన్ను పోగొట్టగలవు. చూసేవాళ్లకు ఇది నిజం తుపాకీలాగే కనపడుతుంది కూడా. తాళం వేసిన డబ్బాలో, బిల్లు నకలుతో తీసుకెళ్లమన్నాను. బస్సులో సంచిలోంచి బయటికి తీయొద్దని అమ్మాయికి విడిగా చెప్పాను.

ఏప్రిల్లో, పరీక్షలు అయిపోయాక, ఇద్దరూ మళ్లీ వచ్చారు. సుమారు నాలుగు వేల గుండ్లు కాల్చింది. లివరు మూసి 5 సెకన్లకు, నిమిషానికి, మూడు నిమిషాలకు కొలిచాను. 141, 138, 136. గొట్టం మూతి మీద కొత్త తుప్పు లేదు. సైట్ స్క్రూ మధ్యలో ఉంది.

"విప్పి ఒకసారి గ్రీజు వేద్దామా అన్నా?" అన్నాడు తండ్రి.

"వద్దు తమ్ముడూ. వానలు వెళ్లాక తీసుకురా" అని, డబ్బా మూసి అమ్మాయి చేతికిచ్చాను.